రికార్డు చేరింది, పిల్ల చేరలేదు

లారీలకు చెక్క బాడీలు కట్టే భద్రాచారికి నిడిగల్లు టౌనులో ఒక పెద్ద షెడ్డులో పని దొరికింది. దాంతో జువ్వలపల్లిలో కాపురం ఎత్తేసి, భార్య నాగరత్నాన్నీ, కూతురు భువననీ, ఉలులూ రంపాలూ ఉన్న పెట్టెనీ వెంటబెట్టుకుని వచ్చేశాడు. సామాను దింపిన మర్నాడే భువనను తొమ్మిదో తరగతిలో చేర్పించడానికి హైస్కూలుకు బయల్దేరాడు. అతను అయిదో తరగతితో ఆగిపోయిన మనిషి. కూతురేమో లెక్కల్లో నూటికి తొంభైకి తక్కువ తెచ్చిన పాపాన పోలేదు. ఆ పిల్ల బడికి ఒక్కపూట వెళ్ళకపోయినా అతనికి అన్నం సయించదు.

సరిగ్గా ఆ ఏడే విద్యాశాఖకు పుట్టుమచ్చల మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు ఏడాది చేతులు కడుక్కోవడం మీదా, ఆ ముందు ఏడాది మొక్కల మీదా పుట్టింది. పిల్లలు బడి మారేటప్పుడు ఒకరి రికార్డుతో ఇంకొకరు చేరిపోతున్నారేమోనని పైన ఎవరికో అనుమానం వచ్చింది. వెతికితే అలా చేరినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. ఒక్కరూ దొరకలేదంటే ఎంత గుట్టుగా చేరుతున్నారో అర్థం చేసుకుని, ‘నిజమచ్చ’ అనే పథకం పెట్టారు. ఒకటో తరగతిలో చేరినప్పుడు రిజిస్టరులో ప్రతి పిల్లకూ రెండు పుట్టుమచ్చలు రాస్తారు కదా, ఆ రెండూ బదిలీ సర్టిఫికెట్టుతో పాటు కొత్త బడికి వస్తాయి. కొత్త బడిలో పిల్ల ఒంటి మీద వాటిని చూసి, సరిపోతేనే చేర్చుకోవాలి. ఇందుకోసం బడికో భూతద్దం కూడా పంపారు.

హెడ్‌మిస్ట్రెస్ అరుంధతీదేవి గారు చెడ్డమనిషి కాదు. నిబంధనలంటే భయం ఉన్న మంచిమనిషి. ఆవిడ భూతద్దం తుడుచుకుని, కంప్యూటరు వంక ఒకసారీ భువన వంక ఒకసారీ చూసింది.

"ఎడమ చెవి కింద ఒకటి. లేదు. కుడి మోచేతి మీద ఒకటి. అదీ లేదు."

"గడ్డం మీద ఉందండి. మెడ వెనకాల ఇంకోటి ఉందండి. కావాలంటే సూడండి," అన్నాడు భద్రాచారి.

"ఉంటే ఉన్నాయిలెండి. అవి రికార్డులో లేవు. రికార్డులో లేనివి అనధికార మచ్చలు."

"మరి పేరు మా పిల్లదేనండి. నాన్న పేరు నాదేనండి. పుట్టినరోజు కూడా..."

"అవన్నీ సరిపోయాయి ఆచారి గారూ. అందుకే రికార్డును చేర్చేసుకున్నాం. ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, రికార్డు చేరింది, పిల్ల చేరలేదు."

"ఇదిగోనండి, మీ ఎదురుగానే ఉంది కదండి."

"ఈ అమ్మాయి ఎవరో మాకు తెలియాలి కదండీ."

"నేనే మేడమ్, భువనని," అంది భువన.

ఆవిడ జాలిగా చూసింది. "నువ్వని నువ్వంటే ఎలాగమ్మా? రికార్డు అనాలి."

ముప్పై రోజుల్లో మచ్చలు సరిపోకపోతే పిల్ల బడి మానేసినట్టు లెక్క అనీ, ఆ ఏడాదికి ఇంక ఏ బడీ చేర్చుకోకూడదనీ కూడా ఆవిడే చెప్పింది.  భద్రాచారి మొహం చూసి ఆవిడ ఒక ఉపకారం చేసింది. తొమ్మిదో తరగతి కిటికీ పక్కన వరండాలో కూచుని పాఠాలు వినడానికి ఒప్పుకుంది. వరండాల మీద ఇంకా ఉత్తర్వులేవీ రాలేదట.

అలా భువన బయటా, భువన రికార్డు లోపలా చదువు మొదలుపెట్టాయి. రికార్డుకు రోజూ హాజరు పడేది. మధ్యాహ్నం దాని వంతు కోడిగుడ్డు దానికి వచ్చేది. తినే మనిషి లేకపోయినా ఇచ్చిన గుడ్డు వెనక్కి పంపకూడదు కాబట్టి, గుమాస్తా దాన్ని తీసుకెళ్ళి రికార్డుల బీరువాలో పెట్టేవాడు. నాలుగో రోజుకల్లా ఆఫీసు గదిలోకి ముక్కు మూసుకోకుండా ఎవరూ వెళ్ళలేకపోయారు.

"ఈ మాత్రం దానికి ఇంత రాద్ధాంతమా?" అని నాగరత్నం కాటుక తీసి కూతురికి చెవి కింద ఒకటీ, మోచేతి మీద ఒకటీ చక్కగా దిద్ది పంపింది. విద్యాశాఖ తల్లులను ఎరగనిది కాదు. భూతద్దంతో పాటు తడిదూది కూడా పంపింది. అరుంధతీదేవి గారు ఒక్క తుడుపు తుడిచి, "కృత్రిమ మచ్చ అని రాయాలి నిజానికి. ఈసారికి రాయడం లేదు," అంది. భువన మోచేతి మీద నల్లటి చారికతో వరండాలోకి వెళ్ళి కూచుంది. ఆ రోజు సాయంత్రం భద్రాచారి బాడీకి కొట్టాల్సిన మేకు వేలికి కొట్టుకున్నాడు.

మర్నాడు కట్టు కట్టుకున్న వేలితోనే రికార్డుల బదిలీ పర్యవేక్షణాధికారి ఆఫీసుకు వెళ్ళాడు. ఆ అధికారి పేరు పరాంకుశం గారు. ఆయన సంతకం పెట్టేటప్పుడు కూడా కళ్ళు మూసుకుని ఒక క్షణం ఆగి పెడతాడు. భద్రాచారి చెప్పిందంతా విని, కళ్ళు తెరిచాడు.

"చూడండి ఆచారీ! బాలిక అనేది నిత్యం మార్పు చెందే పదార్థం. నిరుడు ఒక ఎత్తు, ఈ ఏడు ఒక ఎత్తు. నిన్న పన్ను ఊడుతుంది, నేడు మొలుస్తుంది. రికార్డు అటువంటిది కాదు. లిఖించిన నాడు ఎట్లా ఉన్నదో నేడూ అట్లే ఉన్నది. రెండింటిలో శాఖ దేనిని విశ్వసించాలంటారు?"

"రాసేటప్పుడే తప్పు రాశారేమోనండి."

పరాంకుశం గారి మొహం చిన్నబోయింది. ఎవరో ఆయన పెంపుడు పిల్లిని కసిరినట్టు బాధపడ్డాడు. "రికార్డులలో తప్పు ఉన్నట్టు ఇంతవరకూ ఏ రికార్డులోనూ లేదు," అన్నాడు మెల్లిగా.

"మరి నన్నేం సెయ్యమంటారండి? ఏ దేవుడికి మొక్కుకోమంటారో సెప్పండి, మొక్కుకుంటాను."

"మొక్కులు మా పరిధిలో లేవు. కానీ శాఖకు మానవత్వం ఉన్నది. సదరు మచ్చలు సదరు స్థలములలో ఆవిర్భవించుటకు ఇరవై యొక్క రోజుల గడువు మంజూరు చేయవచ్చును. ఈలోగా సంరక్షకులు ప్రతిదినమూ పరిశీలించి నివేదిక పంపవలెను."

"మచ్చలు మొలవడానికండీ?"

"ఆవిర్భవించడానికి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళను భద్రాచారి చాలామందిని చూశాడు. నాలుగో కాలు మొలవడానికి గడువిచ్చేవాడిని చూడటం ఇదే మొదటిసారి. అయినా గడువు గడువే కాబట్టి దండం పెట్టి తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున్నే పనికి వెళ్ళేముందు కూతురి చెవి కిందా, మోచేయీ చూసి, ‘ఆవిర్భవించలేదు’ అని రాసి సంతకం పెట్టేవాడు. ఆ మాట రాయడం మొదట్లో కష్టంగా ఉండి మూడు వరసలు పట్టేది. వారం తిరిగేసరికి కళ్ళు మూసుకుని రాసేస్తున్నాడు. భువన లెక్కల పిల్ల కాబట్టి నివేదికకు గ్రాఫు కూడా గీసింది. ఆ గీత మొదట్నించీ చివరిదాకా నేల మీదే పాకింది.

గడువులో పదిహేడో రోజున భువన పలక్క పలక్క ఒక మాట అంది. "నాన్నా, వానొస్తే వరండాలోకి జల్లు కొడతాంది. పుస్తకాలు తడిసిపోతన్నాయి. ఇంటికాడే ఉండిపోనా?"

 భద్రాచారి షెడ్డుకు సెలవు పెట్టి, జువ్వలపల్లి బస్సెక్కాడు.

పాత బడిలో ఇప్పుడున్న హెడ్‌మాస్టరు రిజిస్టరు తీసి చూపించాడు. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరినవాళ్ళు నలభై రెండు మంది. మగపిల్లలు, ఆడపిల్లలు, నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, కవలలు ఒక జత. అందరికీ ఎడమ చెవి కింద ఒక మచ్చ. అందరికీ కుడి మోచేతి మీద ఒక మచ్చ.

"ఇంత కుదురైన రిజిస్టరు జిల్లాలో లేదండి. అప్పట్లో దీనికి ‘ఏకరూపత’ బహుమతి కూడా ఇచ్చారు," అన్నాడు హెడ్‌మాస్టరు గర్వంగా. "రాసింది సోమసుందరం మాస్టారు. రిటైరైపోయి ఊళ్ళోనే ఉంటున్నారు."

సోమసుందరం మాస్టారు తన ఇంటి అరుగు మీద తుండుగుడ్డ భుజాన వేసుకుని, ఒంటి మీద చొక్కా లేకుండా బెండ విత్తనాలు ఏరుకుంటున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నమస్కారం పెట్టి తలెత్తిన భద్రాచారి అలాగే ఉండిపోయాడు. మాస్టారి ఎడమ చెవి కింద కందిగింజంత మచ్చ. కుడి మోచేతి మీద ఇంకొకటి.

సంగతి విని మాస్టారు విత్తనాలు పక్కన పెట్టేశాడు.

"ఆ రోజు బడి తెరిచారు నాయనా. నలభై రెండు మంది పిల్లలు, నలభై రెండు ఏడుపులు. మర్నాడు తనిఖీ. మొదటివాడిని చొక్కా విప్పరా మచ్చలు చూడాలంటే, గోడ దూకి పారిపోయాడు. ఎనభై నాలుగు మచ్చలు నేనెక్కణ్ణించి తెచ్చేది? నాకు కంఠతా వచ్చినవి రెండే. నావి. అవే వరసగా రాసుకుంటూ పోయాను. తలెత్తి చూడలేదు. వీటిని అడిగేవాడెవడుంటాడులే అనుకున్నాను."

"ఆ రెండు ముక్కలకి నా కూతురు వానలో కూచుంటందండి," అన్నాడు భద్రాచారి. పెద్దాయన్ని ఒక మాట అనకూడదని దారిపొడుగునా అనుకుంటూ వచ్చినవాడే, అనకుండా ఉండలేకపోయాడు.

మాస్టారు లేచి చొక్కా తొడుక్కున్నాడు. "పద. నేనే వచ్చి చెబుతాను తప్పు నాదని."

నిడిగల్లు హైస్కూల్లో అప్పుడు ఆ ముప్పై రోజుల్లో ఇరవైతొమ్మిదో రోజు నడుస్తోంది. మచ్చలు కుదరని రికార్డు ఒక్కటి మిగిలినా సంజాయిషీ ఇవ్వాలని పొద్దున్నే పైనుంచి హెచ్చరిక వచ్చి ఉంది. అరుంధతీదేవి గారు కంగారుగా ఉంది. మాస్టారు నమస్కారం పెట్టి, తప్పు ఎలా జరిగిందో చెప్పి, రుజువు కోసం చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేయి చూపించాడు. ఆవిడ భూతద్దం తీసింది. మోచేయి చూసింది. చెవి కింద చూసింది. కంప్యూటరు వంక తిరిగింది.

"రికార్డులోని మచ్చలు గల వ్యక్తి స్వయంగా హాజరయ్యారా? అని అడుగుతోంది," అంది.

"అయ్యానమ్మా. అయితే ఆ వ్యక్తిని నేను..."

"అయ్యారు కదండీ. కాలేదని అబద్ధం ఎలా కొట్టను?" అని ఆవిడ ‘అవును’ నొక్కేసింది.

"మేడమ్, ఆయన మగమనిషండి," అన్నాడు భద్రాచారి గాభరాగా. "ముసలాయనండి."

"వయసూ, ఆడా మగా చూడటం వేరే పథకం. అది వచ్చే ఏడు వస్తుందన్నారు." ఆవిడ నెలరోజుల తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకుంది. నొక్కినదాన్ని వెనక్కి తీసుకునే మీట ఆ యంత్రంలో లేదు. శాఖ వెనక్కి తీసుకునే పనులు ఎప్పుడూ చెయ్యదు కనుక పెట్టలేదు.

ఆ విధంగా సోమసుందరం మాస్టారు తొమ్మిదో తరగతి ‘బి’ సెక్షనులో బి. భువనగా చేరిపోయాడు. రానంటే కుదరదు. చేరిన విద్యార్థిని వరసగా మూడు రోజులు రాకపోతే తండ్రిని పిలిపించి మందలించాలి, తండ్రి అంటే భద్రాచారి. చేసిన తప్పుకు ఇదే శిక్ష అనుకుని మాస్టారు రోజూ ఏడున్నర బస్సుకు వచ్చేవాడు. మోకాళ్ళ నొప్పులూ, కళ్ళజోడూ ఉన్నాయి కాబట్టి ఆయన్ని ప్రత్యేక అవసరాలు గల విద్యార్థినిగా రాసుకున్నారు. అలాంటి విద్యార్థినికి ఒక సహాయకురాలిని పక్కన కూచోనివ్వచ్చని నిబంధన ఉంది. అరుంధతీదేవి గారు స్వయంగా వరండాలోకి వచ్చి భువనను లోపలికి తీసుకెళ్ళింది.

భువన తడవకుండా కూచున్నందుకు నవ్వాలో, తన పేరు పెట్టుకుని ఇంకొకరు కూచున్నందుకు ఏడవాలో భద్రాచారికి తెలియలేదు.

"బి. భువన," అని టీచరు పిలిస్తే, "ఉన్నానమ్మా," అని మాస్టారు దగ్గుతూ లేచి నిలబడేవాడు. ఎత్తూ బరువూ కొలిచినప్పుడు, నిరుటికన్నా అడుగు పెరిగిందని డాక్టరమ్మ మెచ్చుకుంది. ఆడపిల్లలకిచ్చే సైకిలు వస్తే దాని మీద ఎక్కించి ఫొటో తీశారు. లెక్కల క్లాసులో కునుకు తీస్తూ దొరికిపోయి బెంచీ ఎక్కబోతే, సగంలో మోకాలు పట్టేసింది. ఇద్దరు పిల్లలు పట్టుకుని దించారు. తరగతిలో పిల్లలంతా ఆయన్ని మొదటి వారం తాతగారూ అన్నారు, రెండో వారం నించి భువనా అన్నారు.

అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడు ఆయనకు చెయ్యి వణుకుతుందని రాసేవాళ్ళను ఇమ్మని అడిగారు. రాసేవాళ్ళు విద్యార్థినికన్నా తక్కువ తరగతిలో ఉండాలట. భువన ఏ తరగతిలోనూ లేదు, అంతకన్నా తక్కువ ఇంకేముంటుంది? కాబట్టి భువన రాసింది. మాస్టారు పక్కన కూచుని కునికాడు. భువనకు క్లాసు ఫస్టు వచ్చింది. ప్రార్థన దగ్గర అందరూ చప్పట్లు కొడుతుంటే, బహుమతి పెన్నుల పెట్టె మాస్టారు అందుకున్నాడు.

ఆ సాయంత్రం భువన మార్కుల కార్డు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. పైన తన పేరు, పక్కన కళ్ళజోడుతో మాస్టారి ఫొటో.

"నాకొచ్చిన మార్కులు మాస్టారికొచ్చాయి నాన్నా. వచ్చే ఏడు పదో తరగతి సర్టిఫికెట్టు మీదా ఈయనే ఉంటాడంట. అప్పుడు నేను సదివినట్టు కాదు కదా."

 ఆ పిల్ల అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడూ ఏడవలేదు. భద్రాచారికే కళ్ళనీళ్ళు తిరిగాయి.

మాస్టారి పరిస్థితి కూడా అంతకన్నా మెరుగ్గా లేదు. పక్కనే కూచుని ఆ పిల్ల లెక్క చేస్తుంటే రోజూ చూస్తూ ఉన్నాడు కదా, ఒకరోజు ఉన్నట్టుండి ఆయనకు దాని గడ్డం మీది మచ్చ కనిపించింది. వేరుశెనగ గింజంత మచ్చ. ఎదురుగా నిలబడితే గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట ఇదే పిల్ల బల్లకు అటువైపు నిలబడి ఉంటుంది. ముప్పై అయిదేళ్ళు పంతులుగా చేసి, ఒక పిల్ల మొహం సరిగ్గా చూడటం ఇదే మొదలనుకుంటే ఆయనకు చాలా సిగ్గేసింది. మర్నాడు బడి ఎగ్గొట్టి, భద్రాచారిని వెంటబెట్టుకుని పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళాడు.

"తప్పు రాసింది నేనేనండి. రాతపూర్వకంగా ఇస్తాను. ఏ శిక్షయినా వెయ్యండి, రికార్డు దిద్దండి."

"మీరెవరు?" అన్నాడు పరాంకుశం గారు.

"రిటైర్డు టీచరు సోమసుందరాన్నండి."

"రిటైరైన వారి మాటకు రికార్డులో స్థానం లేదు." ఆయన మాస్టారి చెవి కింద ఒకసారి చూసి, కంప్యూటరులోకి తొంగిచూశాడు. "కానీ, మచ్చల ప్రకారం తమరు తొమ్మిదో తరగతి విద్యార్థిని. ఆ హోదాలో విన్నవించుకోవచ్చును. తండ్రి అనుమతి ఉన్నదా?"

భద్రాచారికి నలభై దాటి రెండేళ్ళు. అరవై ఎనిమిదేళ్ళ మాస్టారి వంక ఒకసారి చూసి, ముందుకు వచ్చాడు. "ఉందండి. నేనే వాళ్ళ నాన్ననండి."

"సంతోషం. పిల్లను వినయంగా పెంచారు. చూడండి, తప్పు దిద్దుట అసాధ్యం. దిద్దితే తప్పు ఉండినదని ఒప్పుకున్నట్లగును. అయితే మచ్చలు ఒక చోటినుండి మరొక చోటికి తరలినవని విద్యార్థిని స్వయంగా కోరినచో, అది తప్పు కాదు, బదిలీ. బదిలీలు మా పరిధిలోవే."

మాస్టారు అక్కడే కాగితం తీసుకుని, వణికే చేత్తో తనే రాశాడు. భద్రాచారి తండ్రి స్థానంలో సంతకం పెట్టాడు. పరాంకుశం గారు కళ్ళు మూసుకుని, ఒక క్షణం ఆగి, ఉత్తర్వు ఇచ్చాడు: ఎడమ చెవి కింది మచ్చ గడ్డమునకును, కుడి మోచేతి మచ్చ మెడ వెనుకకును పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా బదిలీ చేయడమైనది. అవి తక్షణమే కొత్త స్థానములలో చేరి, చేరినట్లు నివేదించవలెను.

మర్నాడు అరుంధతీదేవి గారు భూతద్దం తీసి మాస్టారి గడ్డం చూసింది. గడ్డం మీద నెరిసిన వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. "మీరెవరో మాకు తెలియదండీ," అని ఆయన్ని చాలా మర్యాదగా గేటుదాకా సాగనంపించింది. తర్వాత భువనను పిలిచి గడ్డం చూసింది, మెడ వెనక చూసింది. నిజంగా నవ్వుతూ ‘అవును’ నొక్కింది. తొమ్మిదో తరగతి గదిలోంచి "బి. భువన" అన్న పిలుపూ, వెంటనే భువన గొంతూ వినిపించేదాకా భద్రాచారి వరండా దిగలేదు.

బస్టాండులో మాస్టారు ఒక నోటుబుక్కు తెరుచుకుని కూచుని ఉన్నాడు. దాని నిండా పేర్లే.

"ఇంటికేనాండి మాస్టారూ? దణ్ణం పెడతాను, ఇంక విశ్రాంతి తీసుకోండి."

"ఇంటికి కాదు నాయనా. ఇంకా నలభై ఒక్కమంది ఉన్నారు. ఎవరు ఎప్పుడు ఏ బడి మారతారో మనకేం తెలుసు? ముందు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మొహాలు చూస్తాను. ఆ తర్వాత అవసరమైతే, అందరి బదులూ నేనే తొమ్మిదో తరగతి చదువుతాను." మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "వీళ్ళలో ఎవరిల్లు ఎక్కడో కూడా నాకు తెలియదు."

భద్రాచారి నోటుబుక్కు అందుకుని పేర్లు చదివాడు. ఊళ్ళో వడ్రంగం చేసిన రోజుల్లో సగంమంది ఇళ్ళకు తలుపులు తనే బిగించాడు. షెడ్డులో మేస్త్రీకి ఫోను చేసి ఆ రోజుకు రానని చెప్పి, మాస్టారి సంచీ తను పట్టుకుని, ముందుగా ఆయన్ని బస్సెక్కించాడు.